తుపాకీ ఉండింటే బతికేవాడా? సీమలో గన్ లైసెన్సుల చిక్కుముడి

2017 మే 21న కర్నూలు జిల్లా కృష్ణగిరి మండలంలో చెరుకులపాడు నారాయణరెడ్డిని దారికాచి చంపారు. అప్పటికి ఆయన పత్తికొండ నియోజకవర్గానికి వైఎస్సార్ కాంగ్రెస్ ఇన్‌ఛార్జి. పక్కనున్న అనుచరుడినీ వదల్లేదు. ఆ వార్త వచ్చిన రోజు నుంచి జిల్లాలో ఒకటే చర్చ. ఆయన లైసెన్స్ తుపాకీకి రెన్యువల్ చేయలేదని, ప్రాణభయం ఉందని మొత్తుకున్నా పట్టించుకోలేదని కుటుంబమూ పార్టీవాళ్లూ ఆరోపించారు. "చేతిలో గన్ను ఉండింటే వాళ్లు దగ్గరికి వచ్చేవాళ్లా?" అని టీ అంగళ్ల దగ్గర కూడా జనం అడిగారు.

నాలుగేళ్లు తిరిగాక, 2021 జూన్‌లో, పులివెందుల మండలం నల్లపురెడ్డిపల్లెలో అయినవాళ్ల మధ్య గొడవ ముదిరింది. ఒకాయన లైసెన్స్ తుపాకీతో ఎదుటివాడిని కాల్చి, అదే తుపాకీతో తననూ కాల్చుకున్నాడు. నిమిషాల్లో రెండు ప్రాణాలు పోయాయి. 2023 మార్చిలో పులివెందుల పట్టణంలోనే డబ్బుల తగాదా కాల్పుల దాకా పోయి ఇంకొకరు చనిపోయారు. ఈసారి జనం అడిగిన ప్రశ్న తిరగబడింది: "ఇట్లాంటోళ్లకు లైసెన్స్ ఎవరిచ్చారు?"

ఒకసారి ఎందుకు ఇవ్వలేదని, ఇంకోసారి ఎందుకు ఇచ్చారని. రెండూ న్యాయమైన ప్రశ్నలే. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో తుపాకీ గురించి ఎవరు మాట్లాడినా ఈ రెండింటిలో ఏదో ఒక పక్క నిలబడి మాట్లాడతారు. టీవీ చర్చల్లో అయితే పార్టీని బట్టి పక్క మారుతుంది, అది వేరే సంగతి.

చట్టం ఏం చెబుతుంది

మన దేశంలో తుపాకీ పెట్టుకోవడం హక్కు కాదు. 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్స్ ఉంటేనే పెట్టుకోవాలి. జిల్లాలో ఆ లైసెన్స్ ఇచ్చే అధికారం జిల్లా మెజిస్ట్రేట్ హోదాలో కలెక్టర్‌ది. దరఖాస్తు పెట్టుకుంటే పోలీసులు విచారించి నివేదిక పంపుతారు. స్టేషన్ నుంచి డీఎస్పీ, డీఎస్పీ నుంచి ఎస్పీ, అక్కడి నుంచి కలెక్టరేట్. సాధారణ రకం రివాల్వర్లు, పిస్టళ్లు, డబుల్ బ్యారెల్ తుపాకుల వరకూ ఇదీ దారి. సైన్యం, పోలీసులు వాడే నిషిద్ధ రకాలైతే కేంద్ర హోం శాఖ దాకా పోవాలి.

ఈ చట్టంలో పెద్దగా ఎవరూ పట్టించుకోని ఒక మాట ఉంది. ఆస్తి లేదన్న ఒక్క కారణంతో ఎవరికీ లైసెన్స్ నిరాకరించకూడదని 14వ సెక్షన్ చెబుతుంది. అంటే కాగితం మీద పదెకరాల మెట్ట రైతూ ఫ్యాక్టరీ యజమానీ సమానమే. ఊళ్లో ఎవరి నడుముకు రివాల్వర్ ఉందో చూస్తే ఆ సమానత్వం ఎంతవరకు అమలైందో తెలిసిపోతుంది. సీమలో లైసెన్స్ తుపాకీ చాలాకాలంగా హోదాకు గుర్తు. పెళ్లికి వస్తే చొక్కా కింద ఉబ్బెత్తుగా కనపడాలి. దాన్ని బయటికి తీసే అవసరం రాకపోయినా అది అక్కడ ఉందని నలుగురికీ తెలియాలి.

సమస్య పోలీసు నివేదిక దగ్గర మొదలవుతుంది. ఆత్మరక్షణ కోసం తుపాకీ అడిగినవాడికి నిజంగా ప్రాణభయం ఉందా అని పోలీసులు చూడాలి. ఈ ప్రాంతంలో నిజంగా ప్రాణభయం ఉన్నవాళ్లు ఎవరు? వర్గం నడిపినవాళ్లు, వర్గం నడిపినవాళ్ల కొడుకులు, తమ్ముళ్లు, బావమరుదులు. వాళ్ల మీద కేసులుంటాయి. కొన్ని నిజమైనవి, కొన్ని ఎదుటివర్గం ఇరికించినవి. ఎవరినైనా చంపితే ఆ కేసులో పక్కూరి పెద్దమనిషి పేరు కూడా రాయించడం ఇక్కడ పాత అలవాటు. కేసులున్నాయి కాబట్టి ఇవ్వకూడదని ఒక అధికారి రాస్తాడు. కేసులున్నాయంటే పగ ఉన్నట్టే కాబట్టి ఇవ్వాలని ఇంకొకడు రాస్తాడు. తుపాకీ ఎవరికి ఎక్కువ అవసరమో, ఎవరి చేతిలో అది ఎక్కువ ప్రమాదమో అన్న రెండు జాబితాలు రాసి చూస్తే చాలా పేర్లు రెండింట్లోనూ ఉంటాయి. అందుకే ఇక్కడ లైసెన్స్ ఫైలు అధికారంలో ఉన్న పార్టీని బట్టి కదులుతుందన్న అనుమానం ఎప్పటికీ పోదు.

బైండోవర్ సంగతి దీన్ని ఇంకా చిక్కుపరుస్తుంది. శాంతిభద్రతలకు భంగం కలిగించనని బాండు రాసిచ్చినవాడి దగ్గర ఆ గడువు తీరేవరకూ ఆయుధం ఉండకూడదని ఆయుధాల చట్టమే చెబుతుంది. ఎన్నికలొచ్చాయంటే సీమ పల్లెల్లో రెండు వర్గాలవాళ్లనూ తహసీల్దార్ ముందు నిలబెట్టి బైండోవర్ చేయడం మామూలే. చట్టాన్ని అక్షరాలా పాటిస్తే పగ ఎక్కువగా రగిలే రోజుల్లోనే తుపాకీ ఇంట్లో ఉండకూడదు. నాకు ఇది సబబుగానే కనిపిస్తుంది. తుపాకీ వదులుకున్నవాడికి మాత్రం ఆ నెలన్నర నిద్ర పట్టదు.

2019లో పార్లమెంటు ఈ చట్టాన్ని సవరించింది. ఒకరి దగ్గర మూడు తుపాకులు ఉండొచ్చన్న పరిమితిని రెండుకు తగ్గించింది. నిషిద్ధ ఆయుధాలు దొరికితే పడే శిక్షను పెంచింది. పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో సంబరానికి గాల్లోకి కాల్చి ఎదుటివాళ్ల ప్రాణాలను ప్రమాదంలో పెడితే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అంది. ఇవన్నీ పత్రికల్లో బాగా వచ్చాయి. అంతగా రానిది ఒకటుంది. లైసెన్స్ గడువును మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచారు. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తగ్గుతుందని సంతోషించినవాళ్లున్నారు. కానీ రెన్యువల్ అంటే ప్రభుత్వం ఆ ఇంటి వైపు మళ్లీ ఒకసారి చూసే సందర్భం. ఆ మూడేళ్లలో ఇంట్లో పంపకాల గొడవ వచ్చిందా, మనిషి తాగుడుకు లోనయ్యాడా, అప్పులపాలయ్యాడా అన్నది తెలిసే అవకాశం అప్పుడే. శిక్షలు పెంచి చూపు తగ్గించడం నా దృష్టిలో తలకిందుల పని. నల్లపురెడ్డిపల్లె లాంటి ఘటనలో ఏ శిక్ష ఎవరిని ఆపుతుంది? కాల్చినవాడు తనకు తానే శిక్ష వేసుకున్నాడు కదా.

రక్షణ అన్న మాట ఎంతవరకు నిజం

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. తుపాకీ ఉండింటే నారాయణరెడ్డి బతికేవాడా? జరగనిదాని గురించి ఎవరూ తేల్చి చెప్పలేరు. అయితే సీమ చరిత్రలో తుపాకీ నీడలో బతికినవాళ్లు ఎట్లా పోయారో మాత్రం చూడొచ్చు.

పరిటాల రవికి ప్రభుత్వం ఇచ్చిన గన్‌మెన్ ఉన్నారు, సొంత మనుషులున్నారు. 2005 జనవరి 24న అనంతపురం నడిబొడ్డున, తెలుగుదేశం పార్టీ కార్యాలయంలో, పట్టపగలు ఆయన్ను కాల్చి చంపారు. ఆయనకు భద్రత తగ్గించడం వల్లే ఇది జరిగిందని తెలుగుదేశం ఆరోపించింది. కేసు సీబీఐకి వెళ్లింది. ఆయన ప్రత్యర్థి మద్దెలచెరువు సూరి 2011 జనవరి 3న హైదరాబాద్‌లో కారులో పోతూ హతుడయ్యాడు. కాల్చింది అదే కారులో వెనక కూర్చున్న సొంత అనుచరుడు. కర్నూలు జిల్లా కప్పట్రాళ్లలో వెంకటప్పనాయుడు వర్గం అంటే ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్లకు హడల్. 2008 మేలో ఆయన మందీమార్బలంతో ప్రయాణిస్తుంటే దారికాచి దాడి చేశారు. ఆయనతో కలిపి 11 మంది చనిపోయారు.

ఫ్యాక్షన్ హత్య ద్వంద్వయుద్ధం కాదు. ఎప్పుడు, ఎక్కడ, ఎంతమందితో అన్నది చంపేవాడే నిర్ణయిస్తాడు. నెలల తరబడి రెక్కీ చేస్తారు. కల్వర్టు దగ్గర బండి నెమ్మదిస్తుందని, ఫలానా పెళ్లికి వచ్చి ఫలానా దారిలో పోతాడని ముందే లెక్క వేసుకుంటారు. అట్లాంటి చోట నడుముకున్న రివాల్వర్ తీసే సమయం దొరకదు. దొరికినా, ఎదుటివాడికి తుపాకీ ఉందని తెలిస్తే వచ్చేవాళ్లు ఇంకో పదిమందిని తోడు తెచ్చుకుంటారే గానీ ఆగిపోరు. దొంగలు, దోపిడీలు ఎక్కువగా ఉండే చోట తుపాకీ ఇంటికి కొంత కాపలా కావచ్చు. పగతో కాచుకున్నవాడి దగ్గర దాని విలువ చాలా తక్కువ.

దానికి భిన్నంగా ఇంట్లో ఉన్న తుపాకీ తెచ్చే ముప్పు ఏడాది పొడుగునా ఉంటుంది. కోపం వచ్చిన క్షణం, తాగిన రాత్రి, అప్పుల వాళ్లు ఇంటి ముందు అరిచిపోయిన సాయంత్రం, అన్నీ కలిపి లెక్కలోకి వస్తాయి. కట్టెతోనో కొడవలితోనో జరిగే గొడవలో పక్కవాళ్లు అడ్డుపడటానికి వీలుంటుంది. తుపాకీ ఆ వీలు ఇవ్వదు.

అమెరికా వాదన మనకు ఎంత పనికొస్తుంది

కడపలోనో అనంతపురంలోనో ఏ అపార్ట్‌మెంట్‌లో చూసినా ఒక ఇంటి పిల్లాడు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటాడు. అక్కడ కాల్పుల వార్త వస్తే ఇక్కడ తల్లిదండ్రులకు టెన్షన్. అందుకే అమెరికా గన్ చర్చ మన ఇళ్లలోనూ నడుస్తుంది. అక్కడి వాదన మూలం వేరు. 1791 నాటి రెండో రాజ్యాంగ సవరణ ఆయుధం కలిగి ఉండటాన్ని హక్కుగా చెప్పింది. ఆత్మరక్షణకు ఇంట్లో తుపాకీ ఉంచుకోవడం వ్యక్తిగత హక్కేనని 2008లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. ఉన్న హక్కుకు ఎంతవరకు హద్దులు పెట్టొచ్చన్నదే వాళ్ల తగాదా. మన సుప్రీంకోర్టు 2023లో లైసెన్స్ లేని తుపాకుల గురించి ఒక కేసు వింటూ, అమెరికాలా ఇక్కడ ఆయుధం ధరించడం ప్రాథమిక హక్కు కాదని గుర్తుచేసింది. మన తగాదా ఈ అనుమతి ఎవరికి ఇవ్వాలి, ఎవరు ఇవ్వాలి అన్నదాని మీద.

అంకెల్లోనూ పోలిక కుదరదు. 2016 చివరికి దేశం మొత్తం మీద ఉన్న ఆయుధ లైసెన్సులు సుమారు 33 లక్షల 69 వేలు. అందులో 12 లక్షల 77 వేలకు పైగా ఒక్క ఉత్తరప్రదేశ్‌లోనే ఉన్నాయి. అమెరికాలో మనుషుల కంటే తుపాకులే ఎక్కువ. 1996లో పోర్ట్ ఆర్థర్ కాల్పుల్లో 35 మంది చనిపోయాక ఆస్ట్రేలియా ప్రభుత్వం డబ్బిచ్చి లక్షల తుపాకులను వెనక్కి కొన్న సంగతిని ఇక్కడ కూడా ఉదాహరణగా చెబుతుంటారు. ప్రజల దగ్గర తుపాకులు కుప్పలుగా ఉన్న దేశంలో అది అర్థవంతమైన పని. కర్నూలు జిల్లాలో కొనడానికి ఏముంటుంది?

అమెరికా నుంచి మనం నేర్చుకోవలసింది ఒకటుంది. అది అక్కడి చర్చల్లో తక్కువ, లెక్కల్లో ఎక్కువ కనిపిస్తుంది. 2021లో అక్కడ తుపాకుల వల్ల 48 వేల మందికి పైగా చనిపోతే, వాళ్లలో సగం కంటే ఎక్కువమంది ఆత్మహత్య చేసుకున్నవాళ్లు. బడిలో కాల్పులు జరిగితే ప్రపంచమంతా చూస్తుంది. పడకగదిలో ఒక్కడే కాల్చుకుంటే జిల్లా పేపర్లో కూడా రాదు. ఇంట్లో తుపాకీ ఉంటే ముందు ముప్పు ఆ ఇంటివాళ్లకే అన్న సంగతి నల్లపురెడ్డిపల్లెకూ వర్తిస్తుంది.

సీమలో చంపిన ఆయుధాలు వేరు

తుపాకీ చుట్టూ ఇంత మాట్లాడుతున్నా, ఈ జిల్లాల్లో ఎక్కువ ప్రాణాలు తీసింది అది కాదు. వేటకొడవళ్లు, ఈటెలు, నాటు బాంబులు. వైఎస్ రాజారెడ్డిని 1998 మే 23న చంపినప్పుడు వేసింది బాంబులే. 1997 నవంబరు 19న పరిటాల రవి లక్ష్యంగా హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో కారు బాంబు పేల్చితే 26 మంది చనిపోయారు, చాలామందికి ఈ పగతో ఏ సంబంధమూ లేదు. 2019 మార్చి 15న పులివెందులలో వైఎస్ వివేకానందరెడ్డి హత్య జరిగితే రాష్ట్రమంతా వినిపించిన మాట గొడ్డలి. ఆ కేసును సీబీఐ దర్యాప్తు చేసింది. 2024 మే ఎన్నికల తర్వాత తాడిపత్రి అట్టుడికింది ప్రధానంగా రాళ్లతో. ఆ గొడవల పర్యవసానంగా ఎన్నికల సంఘం అనంతపురం ఎస్పీని సస్పెండ్ చేసింది.

నాటు బాంబుకు లైసెన్స్ ఉండదు, నంబరు ఉండదు, ఎవరి పేరు మీదా ఉండదు. "బాంబులు చుట్టడం" అనేది ఒకప్పుడు కొన్ని ఊళ్లలో చేతిపని లాగా నడిచింది. చుట్టేవాళ్ల చేతుల్లోనే పేలి వేళ్లు, చూపు పోగొట్టుకున్నవాళ్లు ఇప్పటికీ కనపడతారు. దీనికి 1908 నాటి పేలుడు పదార్థాల చట్టం ఉంది, గట్టి శిక్షలూ ఉన్నాయి. అయితే కొట్టాల్లో, గడ్డివాముల్లో, పాడుబడిన బావుల్లో దాచిన బకెట్లు ఎవరో కబురు చెబితే తప్ప దొరకవు. మూడు జిల్లాల్లోనూ ఇనుము, ముగ్గురాయి, సున్నపురాయి, నాపరాయి, కంకర క్వారీలున్నాయి. క్వారీ అంటే జిలెటిన్ స్టిక్స్, డిటోనేటర్లు. 2018 ఆగస్టులో ఆలూరు మండలం హత్తిబెళగల్ క్వారీలో, 2021 మేలో కలసపాడు మండలం మామిళ్లపల్లె దగ్గర గనిలో పేలుళ్లు జరిగి కూలీలు చనిపోయారు. మామిళ్లపల్లెలో పోయినవాళ్లు 10 మంది. అవి ఫ్యాక్షన్ ఘటనలు కావు, పని చోట జరిగిన ప్రమాదాలు. కానీ పేలుడు సామాను ఎంత తేలిగ్గా ఊళ్ల మధ్య తిరుగుతోందో చెప్పడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు. ఒక రివాల్వర్ కోసం కలెక్టరేట్ దాకా ఫైలు నడిపే ప్రభుత్వం, క్వారీల స్టాకు రిజిస్టర్ల మీద కూడా అంతే పట్టు చూపిస్తే బాగుండు.

దేశంలో ఏటా పోలీసులు పట్టుకునే తుపాకుల్లోనూ లైసెన్స్ లేనివే అత్యధికం. కాబట్టి లైసెన్స్ నిబంధనలు బిగించినంత మాత్రాన ఫ్యాక్షన్ హత్యలు తగ్గవు. ఇంటి గొడవలు, డబ్బు గొడవలు చావుల దాకా పోకుండా ఉండటానికి మాత్రం అవి పనికొస్తాయి. ఈ రెంటినీ కలిపేసి మాట్లాడటం వల్లే చర్చ ఎటూ తెగదు.

ఆయుధాలు లాక్కుంటే చాలా?

ఆయుధాలు లాక్కునే ప్రయోగం ఇక్కడ రెండు వందల ఏళ్ల కిందటే జరిగింది. 1800లో నిజాం ఈ దత్త మండలాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చాక థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టర్‌గా వచ్చాడు. అప్పటికి ఈ ప్రాంతంలో సుమారు 80 మంది పాలెగాళ్లు సొంత సైన్యాలతో, కోటలతో ఉన్నారు. ఏడేళ్లలో మన్రో వాళ్ల బలగాలను చెదరగొట్టి చాలామందిని పింఛన్ల మీద బతికే స్థితికి తెచ్చాడు. ఆ పింఛను గొడవ నుంచే 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు పుట్టింది. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఆయన్ను ఉరితీశారు. (మన్రో అప్పటికి ఇరవై ఏళ్ల కిందటే, మద్రాసు గవర్నరుగా పర్యటిస్తూ పత్తికొండలో కలరాతో పోయాడు. ఈ వ్యాసంలో పత్తికొండ రెండుసార్లు రావడం యాదృచ్ఛికం.) కత్తులు, తుపాకులు పోయాయి. ఊరి మీద పెత్తనం, భూమి, నీళ్లు, తీర్పు చెప్పే అధికారం మాత్రం కొన్ని ఇళ్లలోనే మిగిలాయి. తర్వాతి కాలంలో వాటికి సారా వేలాలు, రోడ్డు కాంట్రాక్టులు, పంచాయతీ ఎన్నికలు తోడయ్యాయి. పెత్తనం కోసం పోటీ ఉన్నంతకాలం చేతికి ఏదో ఒకటి దొరుకుతూనే వచ్చింది.

గన్‌మెన్ల సంగతీ ఇందులో భాగమే. వన్ ప్లస్ వన్, టూ ప్లస్ టూ, ఫోర్ ప్లస్ ఫోర్ అని నాయకుల స్థాయిని జనం లెక్కపెడతారు. ప్రభుత్వం మారగానే ఒకరికి తగ్గడం, ఇంకొకరికి పెరగడం, తగ్గినవాళ్లు హైకోర్టుకు పోవడం మామూలైపోయింది. భద్రత నిజంగా అవసరమైనవాళ్లు లేరని కాదు. ఊళ్లో ఒక వర్గానికి సర్కారు తుపాకీ తోడు దొరికితే ఎదుటివర్గం సొంత తుపాకీ వెతుక్కుంటుంది.

ఎన్నికల ముందు లైసెన్స్ తుపాకులను స్టేషన్లో డిపాజిట్ చేయించడం గురించీ వివాదం ఉంది. ఎన్నికల సంఘం సూచనల ప్రకారం జిల్లా స్థాయి స్క్రీనింగ్ కమిటీ ఒక్కో లైసెన్స్‌ను పరిశీలించాలి. బెయిల్ మీద ఉన్నవాళ్లు, నేరచరిత్ర ఉన్నవాళ్లు, పాత ఎన్నికల గొడవల్లో ఉన్నవాళ్లు ముందు వరుసలో వస్తారు. అయితే అందరి దగ్గరా గంపగుత్తగా తీసేసుకోవడం అధికారులకు సులువు. అట్లా కుదరదని, ఒక్కొక్కరి విషయం విడిగా చూడాలని బొంబాయి, అలహాబాద్ హైకోర్టులు చెప్పాయి. సీమలో మాత్రం నా ఓటు గంపగుత్తకే. ఎదుటివాడిది తీసుకుని తనది వదిలేశారన్న మాట పుట్టడానికి ఇక్కడ చోటు ఇవ్వకూడదు.

రైతుల గోడు దీనికి పూర్తిగా వేరు. శేషాచలం, లంకమల, నల్లమల అంచుల్లో వేరుశనగ, మొక్కజొన్న వేసినవాళ్లకు అడవి పందులతో రాత్రి నిద్ర ఉండదు. పంట కాపాడుకోవడానికి మందు దట్టించి కాల్చే పాతరకం తుపాకీకి లైసెన్స్ ఇవ్వడానికి చట్టంలోనే ప్రత్యేకంగా చోటుంది. ఆ దారి తెలియకో, తెలిసినా తిరగలేకో కొందరు దొంగచాటు నాటు తుపాకీ పెట్టుకుంటారు, ఇంకొందరు చేను చుట్టూ కరెంటు తీగ లాగుతారు. ఆ తీగ పందిని చంపినట్టే తెల్లారి నీళ్లు కట్టడానికి పోయిన మనిషినీ చంపుతుంది. తుపాకీ చర్చ అంటే పగల గురించే అనుకునేవాళ్లు ఈ రైతును లెక్కలోకే తీసుకోరు.

తగ్గింది దేనివల్ల

ఫ్యాక్షన్ హత్యలు తొంభైల నాటితో పోలిస్తే తగ్గాయి. ఎందుకు అంటే ఒక్కొక్కరు ఒక్కో కారణం చెబుతారు. పిల్లలు చదువులకు బెంగళూరు, హైదరాబాద్ పోయారు. వర్గం పోషించడానికి అయ్యే ఖర్చు కంటే రియల్ ఎస్టేట్‌లో, కాంట్రాక్టుల్లో రాబడి ఎక్కువని నాయకులకు అర్థమైంది. జైళ్లలో, కోర్టుల చుట్టూ ఏళ్లు గడిపినవాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు ఇక చాలన్నారు. ఇవన్నీ నిజమే.

నేను వీటన్నిటికంటే ముందు పెట్టేది శిక్ష పడటం. కప్పట్రాళ్ల కేసులో 2014 డిసెంబరులో ఆదోని కోర్టు 21 మందికి జీవిత ఖైదు వేసింది. ఒక్క తీర్పులో అంతమంది లోపలికి పోవడం జిల్లాకు కొత్త. ఆ మరుసటి ఏడాది అప్పటి కర్నూలు ఎస్పీ ఆకె రవికృష్ణ ఆ ఊరిని దత్తత తీసుకున్నారు, బడి, రోడ్ల పనులు మొదలయ్యాయి. పత్రికలు దత్తత గురించి ఎక్కువ రాశాయి. తీర్పు రాకుండా దత్తత మాత్రమే జరిగుంటే ఆ ఊరు అట్లా మారేదా అన్నది నా అనుమానం. అంతకుముందు ఎన్నో కేసుల్లో జరిగిందేమిటి? సాక్షులు ఎదురుతిరిగారు. కొందరికి డబ్బు, కొందరికి భయం, కొందరికి పెద్దమనుషుల సమక్షంలో రాజీ. చంపినవాడు కళ్ల ముందే తిరుగుతుంటే చచ్చినవాడి కొడుక్కి ఊళ్లో తల ఎత్తుకోవడానికి ఒకటే దారి కనపడేది. అప్పుడు వాడు ఆయుధం వెతుక్కునేవాడు, వెతికితే దొరికేది.

ప్రాణభయం ఉన్నవాడికి తుపాకీ ఇవ్వాలా వద్దా అన్న ప్రశ్న కంటే, కళ్లారా చూసినవాడు కోర్టులో నోరు తెరిచేలా ఏం చేయాలన్న ప్రశ్న ఇక్కడ ముఖ్యం. దానికి ఏర్పాటు ఉంది కూడా. సాక్షుల రక్షణ పథకాన్ని 2018 డిసెంబరు 5న సుప్రీంకోర్టు దేశమంతటికీ చట్టంతో సమానంగా వర్తింపజేసింది. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రతి రాష్ట్రం ఇలాంటి పథకాన్ని నోటిఫై చేయాలంటోంది. జిల్లా జడ్జి అధ్యక్షతన కమిటీ, అందులో జిల్లా పోలీసు అధికారి. సాక్షి దరఖాస్తు పెట్టుకుంటే ముప్పు ఎంతుందో పోలీసులు అయిదు పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. ఇంటి దగ్గర కాపలా, సీసీ కెమెరాలు, ఫోన్ నంబరు మార్పు, కోర్టుకు తీసుకుపోయి తీసుకురావడం, అవసరమైతే వేరే చోట ఇల్లు, ఇవన్నీ అందులో ఉన్నాయి.

గన్ లైసెన్స్‌కు ఏ ఆఫీసులో, ఏ సెక్షన్లో, ఎవరిని కలవాలో సీమలో మండల స్థాయి నాయకుడెవరైనా గుక్కతిప్పుకోకుండా చెబుతాడు. సాక్షి రక్షణ కోరే ఈ రెండో దరఖాస్తు జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే ఆ కమిటీకి పెట్టుకోవాలి. సాక్షి పెట్టుకోవచ్చు, సాక్షి కుటుంబసభ్యులు పెట్టుకోవచ్చు, వకీలు పెట్టవచ్చు, దర్యాప్తు అధికారి కూడా పెట్టవచ్చు.